బులెటిన్‌లో కనిపించిన సంఖ్య, ఊళ్లో తిరిగిన వైరస్

ప్రజారోగ్యం – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కొవిడ్ కేసుల లెక్కలు, ఆంక్షలు, నివారణ చర్యల గురించి వచ్చిన ఉత్తరాలలో ఐదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది ఖమ్మం, మా వియ్యాలవారిది నందిగామ. కలిసినప్పుడల్లా మా మధ్య ఇదే వాదన. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం కేసులు 23 లక్షలు దాటాయి, తెలంగాణలో 8 లక్షల చిల్లరే. జనాభా తేడా తీసివేసినా మా రాష్ట్రమే కరోనాను బాగా అదుపు చేసిందని నేనంటాను. మీవాళ్లు పరీక్షలే సరిగా చేయలేదని వారంటారు. ఎవరి మాట నిజం డాక్టరు గారూ?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ వియ్యాలవారి మాటలోనే నిజం ఎక్కువ ఉంది. ప్రభుత్వం రోజూ ఇచ్చే బులెటిన్‌లో వచ్చే కేసుల సంఖ్య వ్యాధి ఎంత ఉందో ఒక్కటే చెప్పదు. దాని కోసం ఎంత వెతికారో, ఏ పరీక్షతో వెతికారో కూడా అందులో కలిసే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ మొదటి నెలల్లోనే క్షయ పరీక్షలకు వాడే ట్రూనాట్ యంత్రాలను సైతం కొవిడ్ పరీక్షలకు మళ్లించి విస్తృతంగా వెతికింది. 2020 వేసవిలో తెలంగాణలో పరీక్షలు మరీ తక్కువగా జరుగుతున్నాయని హైకోర్టు పలుమార్లు ప్రభుత్వాన్ని తప్పుపట్టింది.

పరీక్షల సంఖ్య పెరిగిన తరువాత కూడా చిక్కు తీరలేదు, ఎందుకంటే వాటిలో అధిక భాగం నిమిషాల్లో ఫలితం చెప్పే ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షలే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 జూన్‌లో చేసిన మదింపు ప్రకారం ఈ పరీక్ష నిజంగా వైరస్ ఉన్నవారిలో దాదాపు సగం మంది నుంచి 84 శాతం వరకు మాత్రమే పట్టుకోగలదు. అందుకే జ్వరం, దగ్గు ఉండి ర్యాపిడ్‌లో నెగటివ్ వచ్చినవారికి తప్పనిసరిగా ల్యాబులో మరింత కచ్చితంగా తేల్చే ఆర్‌టీ-పీసీఆర్ చేయాలని అదే సంస్థ చెప్పింది. ఆ రెండో పరీక్ష చేయకుండా ఇంటికి పంపితే పాజిటివ్ రేటు దానంతటదే తగ్గినట్టు కనిపిస్తుంది. పెద్ద కన్నుల వల వేసి చెరువులో చేపలు లేవని చెప్పడం వంటిదే ఇది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఎన్నో పీహెచ్‌సీల దగ్గర జనం తెల్లవారకముందే వరుసలో నిలబడ్డారు. ఆనాటి కిట్లకు సరిపడా టోకెన్లు ఇచ్చి మిగిలినవారిని మర్నాడు రమ్మనేవారు. అలా వెనుదిరిగిన వారెవరూ ఆ రోజు లెక్కలో లేరు.

రక్తంలో యాంటీబాడీలు చూసే సీరో సర్వే ఈ వాదనకు మరింత గట్టి ఆధారం. 2021 జూన్, జులైలలో జరిగిన నాలుగో జాతీయ సర్వేలో ఆంధ్రప్రదేశ్ నుంచి కృష్ణా, నెల్లూరు, విజయనగరం జిల్లాలను, తెలంగాణ నుంచి జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలను తీసుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 70.2 శాతం మందిలో, తెలంగాణలో 63.1 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. మూడేసి జిల్లాల నమూనాతో రాష్ట్రం మొత్తాన్ని కచ్చితంగా కొలవలేమన్నది నిజమే, టీకా వల్ల వచ్చిన యాంటీబాడీలు కూడా అందులో ఉన్నాయన్నదీ నిజమే. అయినప్పటికీ అధికారిక కేసులలో కనిపించిన దాదాపు మూడు రెట్ల వ్యత్యాసం ఇక్కడ ఏడు శాతం పాయింట్లకు దిగిపోయిందంటే, రెండు రాష్ట్రాల్లోనూ వైరస్ ఇంచుమించు ఒకేలా తిరిగిందనీ, తేడా ఎక్కువగా లెక్కపెట్టడంలోనే ఉందనీ నేను అనుకుంటున్నాను.

ఇదే సర్వేలోని కేరళ సంగతి మీ వియ్యాలవారికి కూడా చెప్పండి. ఆ జులై చివరికి దేశంలో రోజూ అందరికన్నా ఎక్కువ కేసులు ప్రకటిస్తూ, వార్తా చానళ్లలో చీవాట్లు తిన్నది కేరళ. సర్వే జరిపిన 21 రాష్ట్రాల్లో అతి తక్కువగా, 44.4 శాతం మందిలో మాత్రమే యాంటీబాడీలు కనిపించినది కూడా కేరళలోనే. కేసులు బాగా తగ్గిపోయాయని చెప్పుకొన్న మధ్యప్రదేశ్‌లో అది 79 శాతం. నిజాయితీగా వెతికి లెక్క చెప్పిన రాష్ట్రాన్ని తిట్టి, తక్కువ చూపిన రాష్ట్రాన్ని మెచ్చుకుంటూ పోతే మరోసారి ఏ ప్రభుత్వమైనా ఉన్న లెక్క ఉన్నట్టు చెబుతుందా?

ప్రశ్న: మా నాన్నగారు 2021 మేలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చనిపోయారు. చేర్చేటప్పుడు పాజిటివ్ రిపోర్టు ఉంది. పత్రంలో మాత్రం గుండె ఆగి మరణించినట్టు రాశారు. ఆయనకు షుగరు ఉంది కనుక కొవిడ్ మరణం కాదన్నారు. మా నాన్నగారు ఆ లెక్కలో ఉన్నారో లేరో కూడా మాకు తెలియదు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, మీకు చెప్పిన కారణం వైద్యశాస్త్రం ప్రకారం సరైనది కాదు. మరణ కారణాన్ని నమోదు చేసే ఫారంలో మొదటి వరుసలో చివరి ఘట్టాన్ని, దాని కింది వరుసల్లో అందుకు దారితీసిన కారణాలను, అన్నిటికంటే అడుగున అసలు మూలకారణాన్ని రాయాలి. శ్వాస అందకపోవడం, దానికి కారణం న్యుమోనియా, దానికి మూలం కొవిడ్ అని వరుసగా రావాలి. షుగరు, బీపీ వంటివాటిని రెండో భాగంలో, మరణానికి తోడ్పడిన ఇతర వ్యాధులుగా రాయాలి. గుండె ఆగిపోవడం ప్రతి మరణంలోనూ జరిగేదే కనుక దాన్ని కారణంగా రాయకూడదని 2020లోనే ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఇచ్చింది.

సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్న తరువాత, పాజిటివ్‌గా తేలిన 30 రోజుల్లోపు జరిగిన మరణాన్ని కొవిడ్ మరణంగానే పరిగణించాలని 2021 సెప్టెంబరులో కేంద్రం నిబంధన తెచ్చింది. ప్రతి కుటుంబానికి 50 వేల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని, పత్రంలో కొవిడ్ అని లేదన్న ఒక్క కారణంతో నిరాకరించకూడదని కోర్టు చెప్పింది. అప్పుడే అసలు సంగతి బయటపడింది. 2022 జనవరి నాటికి తెలంగాణలో అధికారిక కొవిడ్ మరణాలు 4 వేల చిల్లర ఉండగా పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు 28 వేలు దాటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 14 వేల పైచిలుకు మరణాలకు రెట్టింపును మించి దరఖాస్తులు వచ్చాయి. ఇవన్నీ పాజిటివ్ కాగితం దాచుకున్న, దరఖాస్తు చేయడం తెలిసిన కుటుంబాలు; ఆ కాగితం లేనివారు ఈ లెక్కలోకి కూడా రాలేదు.

భారతదేశంలో 2020, 2021 సంవత్సరాల్లో మామూలుగా జరిగేవాటికి మించి 47 లక్షల అదనపు మరణాలు సంభవించి ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది. గణిత నమూనాతో వేసిన ఆ అంచనా చెల్లదని కేంద్రం అభ్యంతరం చెప్పింది. ఆ వివాదం తేలకపోయినా మన సొంత జనన మరణాల రిజిస్టరు ఉండనే ఉంది. 2019లో సుమారు 76 లక్షలు, 2020లో 81 లక్షలు ఉన్న నమోదిత మరణాలు 2021లో ఒక కోటీ 2 లక్షలకు చేరాయి. నమోదు మెరుగుపడడం వల్ల కొంత పెరుగుతుందనడం సమంజసమే, కానీ ఒక్క ఏడాదిలో పెరిగిన 21 లక్షలకు అది చాలిన సమాధానం కాదు. ఆ ఏడాదికి అధికారిక కొవిడ్ మరణాలు 3.3 లక్షలు. ఈ రిజిస్టరు నివేదిక 2025 మే వరకు వెలువడకపోవడం నాకు చాలా బాధ కలిగించిన విషయం. మీ నాన్నగారు బులెటిన్‌లో లేకపోయినా ఆ కోటీ 2 లక్షలలో ఉన్నారు. ఆయన కాగితాలను జాగ్రత్తగా దాచుకోండి.

ప్రశ్న: లాక్‌డౌన్ వల్ల నా టైలరింగ్ దుకాణం పోయింది, పిల్లవాడి చదువు పోయింది. వైరస్ మాత్రం పోలేదు. అసలు ఆ ఆంక్షల వల్ల ప్రయోజనం ఉందా?
– ఒక పాఠకుడు, సిరిసిల్ల

జవాబు: ఆంక్షలన్నిటినీ ఒక్క గాటన కట్టి మంచివనో చెడ్డవనో అనలేము. 2020 మార్చి 24 రాత్రి, నాలుగు గంటల వ్యవధి మాత్రమే ఇచ్చి ప్రకటించిన లాక్‌డౌన్ వల్ల ల్యాబులు, పీపీఈ కిట్లు, ఆక్సిజన్ పడకలు సమకూర్చుకునే సమయం దొరికింది. ఆ సమయానికి మూల్యం చెల్లించినది రోజుకూలీ మీద బతికేవారు. వలస కార్మికుల కోసం దేశంలో తొలి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు 1,200 మందితో బయలుదేరినది మే 1న. అంతవరకు ఐదు వారాలకు పైగా వారికి ఇక్కడ పని లేదు, ఇంటికి వెళ్లే దారీ లేదు. ఇదే నిర్ణయాన్ని వారం రోజుల ముందు చెప్పి, రైళ్లు నడిపి, చేతికి కాస్త డబ్బు ఇచ్చి అమలు చేసి ఉండవచ్చు.

2021 మే 12 నుంచి తెలంగాణలో ఉదయం 6 నుంచి 10 గంటల వరకే సడలింపు ఇవ్వడాన్ని నేను అప్పుడూ సమర్థించలేదు, ఇప్పుడూ సమర్థించను. రోజంతా విడివిడిగా వచ్చే జనమంతా నాలుగు గంటల్లో రైతుబజారుకు రావలసి వచ్చింది. తొమ్మిదిన్నర దాటితే కాటా ముందు ఒకరి భుజం మీద నుంచి ఒకరు సంచి అందించేవారు, మాటలు వినిపించక మాస్కులు గడ్డం కిందికి దించి బేరమాడేవారు. వేళలు కుదిస్తే గుంపు చిక్కబడుతుంది. తలుపులు మూసిన హాళ్లలో జరిగే పెళ్లిళ్లు, సభలు ఆపడం వేరు, ఆరుబయట కూరగాయల బండిని ఆపడం వేరు. మన ఆంక్షలు ఈ రెండింటికీ తేడా చూపలేదు.

బడుల విషయంలో మీ ఆవేదన పూర్తిగా న్యాయమైనది. మద్యం దుకాణాలను 2020 మే మొదటి వారంలోనే తెరిచారు, తెలంగాణలో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలు బడికి వెళ్లినది 2021 సెప్టెంబరులో. ప్రమాదం అందరికన్నా తక్కువగా ఉన్న వయసువారికి అందరికన్నా ఎక్కువ కాలం ఆంక్ష విధించాము.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటులో జ్వరాలు మొదలైతే చాలు, ఇప్పటికీ మెట్లకు, లిఫ్టుకు బ్లీచింగ్ కొట్టిస్తున్నారు. ఇది అవసరమా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: ఆ డబ్బుతో లిఫ్టులో ఒక ఫ్యాను పెట్టించండి. ఈ వైరస్ ప్రధానంగా గాలిలో, ఊపిరి తుంపరల ద్వారా వ్యాపిస్తుంది. ఇది గాలి ద్వారా వ్యాపించదని 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా చెప్పడం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. మనుషుల మీద రసాయనాలు చల్లడం హానికరమని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లో చెప్పినా చేతులు, గోడలు కడిగే ధ్యాసే మిగిలిపోయింది. కిటికీలు తెరవడం, ఏసీ గదిలో గుమిగూడకపోవడం, జలుబు చేసినవారు మాస్కు పెట్టుకోవడం పనిచేస్తాయి. బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో జరిగిన పెద్ద అధ్యయనంలో మాస్కులు ఉచితంగా పంచి, వాడమని పక్కన ఉండి చెప్పినప్పుడు వాడకం 13 నుంచి 42 శాతానికి పెరిగింది. సర్జికల్ మాస్కులు ఇచ్చిన గ్రామాల్లో 60 ఏళ్లు దాటినవారిలో లక్షణాలతో కూడిన కొవిడ్ దాదాపు మూడో వంతు తగ్గింది. జరిమానాలతో సాధించినది కాదిది.

ప్రశ్న: మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి మా దగ్గరకు వస్తున్నారు, ఇద్దరికీ 70 దాటాయి. ఇక్కడ అందరూ ఇంట్లోనే పరీక్ష చేసుకుంటున్నారు, కేసుల లెక్కే లేదు. ఏ సంఖ్య చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: మీ ప్రాంతపు మురుగునీటి నివేదిక చూడండి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2023 మేలో కేసుల మొత్తం లెక్క ప్రచురించడం మానేసినా మురుగునీటిలో వైరస్ స్థాయిని చెబుతూనే ఉంది. ఎవరు పరీక్ష చేయించుకున్నారన్న దానితో దీనికి పని లేదు. హైదరాబాదులో సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు 2020 ఆగస్టులోనే మురుగునీటిని పరీక్షించి, అంతకుముందు 35 రోజుల్లో నగరంలో సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా వేశారు. అప్పటికి రాష్ట్రం మొత్తానికి అధికారిక కేసులు లక్షకు అటూఇటుగా ఉన్నాయి.

ఆ స్థాయి పెరుగుతున్న వారాల్లో విమానాశ్రయంలోనూ, గుడిలోనూ, విందుల్లోనూ వారిని ఎన్95 మాస్కు వాడమనండి. జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించండి, కొవిడ్‌కు వాడే ప్యాక్స్‌లోవిడ్ మాత్రలను లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపే ప్రారంభించాలి. కొలెస్ట్రాల్‌కు, రక్తం పలచబడడానికి వాడే కొన్ని మందులతో ఆ మాత్రలకు పడదు. ఇక్కడి బ్రాండు పేర్లు అక్కడి డాక్టర్లకు తెలియవు కాబట్టి బయలుదేరే ముందే గుంటూరులోని తమ డాక్టరు చేత మందుల అసలు పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాయించుకొని చేతిసంచిలో పెట్టుకోమని చెప్పండి.