రెనెసాన్స్ ఫెయిర్‌లో హత్య రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకి, బాబాయి ఆశీస్సులు.

డల్లాస్ దగ్గర జరిగే రెనెసాన్స్ ఫెయిర్‌ని, అంటే పాతకాలపు యూరప్ వేషాలతో నడిచే తిరణాలని, నేపథ్యంగా పెట్టుకుని కోజీ మిస్టరీ సీరియల్ రాస్తానన్నావు. మంచి ఆలోచనే. నెత్తురు, బూతు లేకుండా, పోలీసు ఉద్యోగం లేని మామూలు మనిషి పదిమందితో మాట్లాడుతూనే హంతకుణ్ణి పట్టుకోవాలి. దానికి ఒకళ్ల గుట్టు ఒకళ్లకి తెలిసిన చిన్న ఊరు కావాలి. నువ్వు పంపిన సారాంశంలో కోట, రాణీగారు, గుర్రాలు, టర్కీ కోడి కాళ్లు అన్నీ ఉన్నాయి గానీ ఆ ఊరే లేదు. టికెట్ కొన్నవాళ్లు చూసేది సెట్టింగు. ఊరు కంచె వెనక ఉంటుంది.

ఫెయిర్ నడిచేది ఎక్కువగా శని, ఆదివారాల్లోనే. డల్లాస్ దగ్గరి వాక్సహాచీలో 1981 నుంచి జరుగుతున్న స్కార్‌బరో ఫెయిర్ ఏప్రిల్, మే వారాంతాల్లో ఉంటుంది. హ్యూస్టన్ వైపు టాడ్ మిషన్‌లో 1974లో మొదలైన ఫెయిర్ అక్టోబర్, నవంబర్ నెలల్లో జరుగుతుంది. ఒకచోట సీజన్ అయిపోగానే ఇంకో రాష్ట్రానికి సామాను కట్టేసే జనాన్ని రెన్నీలంటారు. మిగతా వారమంతా వాళ్లు వెనక క్యాంపులో ఆర్వీల్లో (ఇల్లులా వాడుకునే బండ్లలో), డేరాల్లో, కొందరు తమ దుకాణం మీది గదిలోనే కాపురం ఉంటారు. మన సురభి నాటక కుటుంబాల డేరాల వెనక ఎలా ఉంటుందో అలాగే: అప్పులు, అలకలు, ఉమ్మడి వంటలు, పెళ్లిళ్లు. నీ అనుమానితులు అయిదారుగురూ ఇక్కడివాళ్లే అయుండాలి. శనివారం వచ్చిపోయే వేలమందిలో ఒకణ్ణి చివర్లో హంతకుడని తేలిస్తే పాఠకుడు ఊరుకోడు.

హత్యకి కారణం కూడా ఇక్కడే వెతుక్కో. చాలా ఫెయిర్లలో దుకాణం కట్టుకునేది వ్యాపారి సొంత డబ్బుతో, నేల మాత్రం యాజమాన్యానిది. అమ్ముకోవాలంటే వాళ్లు ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ల కష్టం ఒక సంతకం మీద ఆధారపడ్డప్పుడు మనిషి ఏమైనా చేస్తాడు. టోపీ తిప్పి డబ్బు అడిగే గారడీవాళ్లకి ఆట ఏ వేళకి, ఏ వేదిక మీద అన్నదే జీతం. ఆ వేళ ఇంకొకడికి ఇచ్చేస్తే వాడి పొట్ట కొట్టినట్టే. నీ సారాంశంలో ఉన్న రహస్య నిధి పటం తీసెయ్యి, ఇవి చాలు.

వారం లెక్క మొదట వేసుకో. శనివారం సాయంత్రం గేట్లు మూశాక శవం దొరకాలి. ఆదివారం ఫెయిర్ ఆపరు, ఆ దుకాణం ముందు పసుపు టేపు కట్టి పక్కదారిన జనాన్ని పంపుతారు. డబ్బు ఆగదు కదా. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఖాళీ వీధుల్లో నీ కథానాయిక తిరుగుతుంది. వచ్చే శనివారం జనం మధ్యలో గుట్టు బయటపడుతుంది. తెలుగులో మొత్తం 50,000 మాటలు దాటనివ్వకు. అందులో మొదటి 6,000 లోపే శవం కనిపించాలి.

ఇక ఆధారాలు. అవి వేషాల్లోంచి కాకుండా పనుల్లోంచి పుట్టాలి. నువ్వు గాజు ఊదేవాణ్ణి చంపుతున్నావు గనక అతని కొలిమి దగ్గరే చూద్దాం. కరిగిన గాజు కొలిమి దాదాపు 1,100 డిగ్రీల సెల్సియస్‌లో ఉంటుంది. చేసిన వస్తువుని బయటి గాలికి వదిలేస్తే పగులుతుంది, అందుకే 480 డిగ్రీల దగ్గరుండే ఎనీలర్ అనే పెట్టెలో పెట్టి, పని ముగిశాక రాత్రంతా మెల్లగా చల్లారనిస్తారు. హంతకుడు అర్ధరాత్రి ఆ పెట్టె తెరిచి, లోపల దాచినది వెతుక్కున్నాడనుకో. పొద్దున తీసి చూస్తే మందపాటి పేపర్‌వెయిట్లన్నీ పగిలి ఉంటాయి, పల్చటి గాజు బుడగలు బాగానే ఉంటాయి. ఈ ఒక్క దృశ్యం చాలు, రాత్రి ఎవరో తలుపు తెరిచారని తెలియడానికి.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పగలు కొత్త వస్తువులు పెట్టడానికి ఆ తలుపు తీస్తూనే ఉంటారు, అప్పుడేమీ కాదు. చల్లారడం మొదలయ్యాక చాలాసేపు తెరిచి ఉంచితేనే ముప్పు. ఈ తేడాని మూడో అధ్యాయంలో వేరే సందర్భంలో, కథానాయిక బేరమాడుతున్నప్పుడు చెప్పించెయ్. ఆధారం ముందే పాఠకుడి చేతిలో పెట్టినట్టవుతుంది. ఇంకో చిక్కు: ఈ మధ్య పెట్టెలకి ఉష్ణోగ్రత రికార్డు చేసే కంట్రోలర్లు ఉంటున్నాయి. అది చూస్తే మొదటి రోజే కథ కంచికి. అతనిది పాతకాలపు కంట్రోలరని, పిసినారి అని ముందే రాసిపెట్టు.

కత్తితో పొడిపించడం మానుకో. వేదిక మీద వాడే కత్తులకి పదును ఉండదు. వచ్చేవాళ్ల కత్తుల్ని గేటు దగ్గరే ఒరకి బిగించి కట్టేస్తారు, ఈ రోజుల్లో చాలాచోట్ల ప్లాస్టిక్ జిప్ టైతో. కావాలంటే నీ ఫెయిర్‌లో రోజుకో రంగు టై పెట్టుకో. ఆదివారం నాటి ఒరకి శనివారపు రంగు కనిపిస్తే, ఆ మనిషి రాత్రి లోపలే ఉన్నాడన్నమాట.

కవచం మాత్రం చక్కగా పనికొస్తుంది. పూర్తి ఉక్కు కవచం 20 నుంచి 25 కిలోలుంటుంది. భుజాల దగ్గరి, వెనకవైపు పట్టీలు సొంతంగా బిగించుకోవడం మహా కష్టం, సహాయకుడు ఉండాల్సిందే. సాయంత్రం ఆఖరి ఈటెల పోటీ అయ్యాక "నేనొక్కణ్ణే విప్పుకుని పడుకున్నాను" అని వీరుడు చెబితే, అబద్ధమైనా ఆడుతున్నాడు, ఎవర్నైనా కాపాడుతున్నాడు. నా ఓటు రెండోదానికి.

భాష సంగతి. అక్కడ అందరూ పాత ఇంగ్లీషు యాస పోతుంటారు. దాన్ని గ్రాంథికంలోకి దించితే రెండు పేజీలకే విసుగొస్తుంది. "ప్రభూ, దేవిగారూ" అని ఒకటి రెండు పౌరాణిక పలుకులు చాలు, గేటు మూశాక మామూలు మాటల్లోకి వచ్చెయ్యాలి. శవాన్ని చూసి కేక పెట్టినప్పుడు కూడా రాణి వేషగత్తె యాస చెదరకపోతే నీ కథానాయికకి అనుమానం రావాలి. నిజంగా ఉలిక్కిపడ్డవాళ్లు సొంత యాసలో అరుస్తారు.

పోలీసుల విషయంలో మన ఎస్సైని అక్కడికి పంపకు. ఊరి హద్దు బయట అయితే కౌంటీ షెరీఫ్ మనుషులొస్తారు. టెక్సస్‌లో మెడికల్ ఎగ్జామినర్ (మరణ కారణం తేల్చే సర్కారు డాక్టరు) లేని కౌంటీల్లో మరణ విచారణ చేసేది జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే స్థానిక జడ్జి. ఆయన శవాన్ని పరీక్షకి వేరే కౌంటీకి పంపిస్తే విషం ఉందో లేదో తేల్చే రిపోర్టుకి వారాలు పడుతుంది. ఆ ఆలస్యం నీకు వరం, ఆ సందులోనే మామూలు మనిషి పరిశోధన నమ్మేలా ఉంటుంది. కౌంటీ పేరు, ఫెయిర్ పేరు రెండూ కల్పించుకో.

మొదటి అధ్యాయం ఇప్పుడే పంపకు. ముందు కాగితం మీద ఫెయిర్ మ్యాపు గీసి, గేట్లు, క్యాంపు, గాజు దుకాణం గుర్తు పెట్టి, శనివారం సాయంత్రం 5 నుంచి రాత్రి 2 దాకా అనుమానితులందరూ ఎక్కడెక్కడున్నారో అరగంటకొక గడి చొప్పున నింపి పంపు. హంతకుడి గడులు కూడా నింపాలి, వాడు చెప్పేది నల్ల సిరాతో, నిజం ఎర్ర సిరాతో.

ఉంటాను.
బాబాయి