అనుకోవడమా, అనిపించడమా?

సందేహం: మాది పర్లాకిమిడి. మెదడుకూ సంకల్పానికీ ఉన్న సంబంధం గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ‘చేయి కదపాలని అనుకున్నాను’, ‘చేయి కదపాలని నాకు అనిపించింది’ అనే వాక్యాలలో ఏది సాధువు? రెండోది ఒడియా ప్రభావం వల్ల వచ్చిందని మిత్రులు అంటున్నారు.

సమాధానం: రెండూ సాధువులే, అయితే ఒకదానికి బదులుగా మరొకటి వాడదగినవి కావు. ఒడియావారు ‘మోతే భోకొ లాగుఛి’ అన్నట్టే మనమూ ‘నాకు ఆకలి వేస్తోంది’ అంటాం. అనుభవం పొందేవారిని కర్తగా కాక ‘కు’ ప్రత్యయంతో చెప్పే ఇటువంటి వాక్యాలు భారతీయ భాషలు అనేకం పంచుకుంటున్న సొత్తు కాబట్టి, సరిహద్దున ఉన్నంత మాత్రాన వాటిని అరువు సొమ్ముగా ఎంచడం తగదు. ‘అనిపించు’ అనేది ‘అను’ ధాతువుకు ప్రేరణార్థక రూపం, అచ్చతెలుగు మాట. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరివారు జనం నోట నలిగిన మాటను రాయడానికి జంకనక్కరలేదు.

ఇక అర్థభేదం. ‘కావాలనే అలా అనుకున్నాను’ అనగలం గాని ‘కావాలనే నాకు అలా అనిపించింది’ అని ఎవరూ అనరు. ‘మంచే జరుగుతుందనుకో’ అని ఎదుటివారికి చెప్పగలం. ‘మంచే జరుగుతుందని నీకు అనిపించు’ అని చెప్పలేం. మొదటిది మనిషి చేసే పని, రెండోది అతనికి కలిగే స్థితి.

మీ వ్యాసానికి ఈ భేదం ప్రాణం వంటిది. 1983లో అమెరికా నాడీ శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగంలో, గడియారం ముఖం మీద తిరిగే చుక్కను చూస్తూ, తమకు తోచినప్పుడు చేయి కదిపి, కదపాలన్న కోరిక కలిగిన క్షణాన చుక్క ఎక్కడుందో చెప్పమని పాల్గొన్నవారిని అడిగారు. వారు చెప్పిన క్షణం కదలికకు సగటున సెకనులో అయిదో వంతు ముందుది. మెదడులో విద్యుత్ సన్నాహం మాత్రం కదలికకు అర సెకనుకు పైగా ముందే మొదలైంది. వారు చెప్పిన క్షణాన్ని మీరు ‘అనుకున్న క్షణం’ అని రాస్తే, నిర్ణయించినది ఆ మనిషే, అప్పుడే అని తేల్చివేసినట్టవుతుంది. తత్త్వవేత్తలు నేటికీ వాదించుకుంటున్నది సరిగ్గా ఆ విషయం మీదనే. ‘అనిపించిన క్షణం’ అంటే వాదం తెరిచే ఉంటుంది. కోరిక కలిగాక కూడా దానిని ఆపే వ్యవధి ఉంటుందని లిబెట్ భావించారు. అక్కడ మాత్రం ‘మానుకోవడం’ అనే రాయండి, ఎందుకంటే ఆయన ఉద్దేశంలో అది మనిషి తానై చేసే పని.