బోర్డు మారిస్తే విండోస్ మళ్లీ కొనాలా?

ప్రశ్న: సార్, మొన్న పిడుగులు పడ్డ రాత్రి మా అసెంబుల్డ్ డెస్క్‌టాప్ మదర్‌బోర్డు పోయింది. షాపులో బోర్డు, ప్రాసెసర్ మార్పించాం, డిస్క్ పాతదే. విండోస్ 11 ఓపెన్ అవుతోంది, ఫైళ్లన్నీ ఉన్నాయి, కానీ కింద మూలన ‘యాక్టివేట్ విండోస్’ అని పడుతోంది. డబ్బులు పెట్టి కొన్నదే కదా, మళ్లీ కొనాలా? షాపతను ఐదొందలిస్తే పర్మనెంట్ చేసిస్తా అంటున్నాడు.
– ఖమ్మం పాఠకుడు

జవాబు: ముందా ఐదొందలు జేబులోనే ఉంచండి. ర్యామ్ పెంచినా గ్రాఫిక్స్ కార్డు మార్చినా విండోస్ మామూలుగా పట్టించుకోదు, బోర్డు మారితే మాత్రం దాని లెక్కలో అది వేరే కంప్యూటరే, ఎందుకంటే డిజిటల్ లైసెన్స్ (కీ మళ్లీ కొట్టక్కర్లేకుండా మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదై ఉండే అనుమతి) ముఖ్యంగా బోర్డుని చూసే సిస్టమ్‌ని గుర్తుపడుతుంది. మీరు కొన్నమాట నిజమే, ఏ రకం కొన్నారన్నదే తేలాలి.

కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల విండో) తెరిచి ఎస్ఎల్ఎంజీఆర్, ఒక స్పేస్, స్లాష్, డీఎల్ఐ (slmgr /dli) అని కొట్టి ఎంటర్ నొక్కండి. చిన్న బాక్స్ ఒకటి వస్తుంది, అందులో డిస్క్రిప్షన్ లైన్ చివర రీటైల్ (విడిగా కొన్నది) అని ఉందా ఓఈఎం (కంప్యూటర్‌తో పాటే, దానికే కట్టి ఇచ్చింది) అని ఉందా చూడండి. ఓఈఎం అయితే ఆ లైసెన్స్ పాత బోర్డుతోనే పోయినట్టు, కడుపు మండుతుంది గానీ రూలు అదే. రీటైల్ అయితే కొత్త బోర్డుకి తెచ్చుకోవచ్చు. (ఒక మెలిక ఉంది, విండోస్ 7 ఓఈఎం నుంచి ఫ్రీగా అప్‌గ్రేడ్ అయినవాళ్లకీ ఇక్కడ రీటైల్ అనే కనబడొచ్చు, అప్పుడే సంబరపడకుండా పాత బిల్లు వెతకండి.)

తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్, అక్కడ ట్రబుల్‌షూట్ నొక్కితే ఈమధ్య హార్డ్‌వేర్ మార్చాను అనే ఆప్షన్ వస్తుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే లిస్టులో మీ పాత సిస్టమ్ పేరు కనబడాలి, దానికి టిక్ పెట్టి యాక్టివేట్ కొట్టడమే. బోర్డు పోకముందే లైసెన్స్ ఆ అకౌంట్‌కి లింక్ అయి ఉంటేనే ఇది పనిచేస్తుంది. లేదంటే విండోస్ కొన్నప్పుడిచ్చిన 25 అక్షరాల ప్రొడక్ట్ కీ వెతికి ఎక్కించాలి. విండోస్ హోమ్ ఎడిషన్ కీ ప్రో ఎడిషన్‌కి పనికిరాదు, అదీ చూసుకోండి.

ఇక ఆ ‘పర్మనెంట్’ సంగతంటారా, చాలావరకు అది క్రాకో (దొంగ యాక్టివేషన్ ప్రోగ్రామ్), ఏదో కంపెనీకి చాలా కంప్యూటర్ల కోసం ఇచ్చిన వాల్యూమ్ కీయో అయ్యుంటుంది. యాంటీవైరస్ ఆపమన్నాడంటే ఇంక ఆలోచించక్కర్లేదు. తొందరేం లేదు, యాక్టివేట్ కాకపోయినా మీ ఫైళ్లకేం కాదు, ఆ అక్షరాలు కనబడతాయి, సెట్టింగ్స్‌లోంచి వాల్‌పేపర్, రంగులు లాంటివి మార్చుకోనివ్వదు, అంతే.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ వారంటీలో ఉంది, బోర్డు మారుస్తాం అంటున్నారు. నాకూ ఇదే తలనొప్పా?
– హన్మకొండ పాఠకురాలు

జవాబు: కంపెనీవాళ్లే వారంటీలో మారిస్తే మీరు మళ్లీ కొనక్కర్లేదమ్మా, తీసుకునేటప్పుడు అక్కడే యాక్టివేషన్ పేజీ తెరిచి చూడండి. మీకు అసలు భయం బిట్‌లాకర్‌తో, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళంతో. డ్రైవ్ అలా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే బోర్డు మారగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది లేకపోతే ఫైళ్లు మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా తియ్యలేరు. ల్యాప్‌టాప్ ఇచ్చేముందే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి, ఫొటోలు వేరే డిస్క్‌లోకి ఒక కాపీ తీసుకోండి.