ఉతికాక సగమైన స్వెటర్: నా సమాధానం

"రెండు నెలలు కూర్చుని మావారికి అల్లిన ఉన్ని స్వెటర్‌ని, సాయం చేద్దామని ఆయనే మెషీన్‌లో వేడినీళ్లకు వేశారు. ఇప్పుడది మా మూడేళ్ల బాబుక్కూడా బిగుతే, నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు" అన్నారు కదండీ. ముందు ఏడ్చేయండి, టీ మరిగేంతసేపు. నవ్వు తర్వాత దానంతటదే వస్తుంది.

ఉన్ని పోగు మీద సన్నటి పొలుసులుంటాయి. వేడి, సబ్బు, మెషీన్ కుదుపు కలిస్తే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని బిగుసుకుపోతాయి. కొంచెమే కుంచించుకుంటే గోరువెచ్చటి నీళ్లలో హెయిర్ కండిషనర్ కలిపి నానబెట్టి, మెల్లగా సాగదీసి చూడొచ్చు. అట్టలా గట్టిపడితే మాత్రం ఆశ వదులుకోండి.

మా అత్తయ్యకు అల్లిన ఆకుపచ్చ శాలువాకూ ఇదే గతి పట్టింది. (ఉతికింది నేనే, తప్పు తోయడానికి మనిషి కూడా దొరకలేదు.) ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "గోంగూర కట్టలా ఉందే" అన్నారు. ఆ పేరే స్థిరపడింది. ఇప్పుడు కుక్కర్ దించాలంటే ఇంట్లో అందరూ "గోంగూర కట్ట ఏదీ?" అంటారు.

అలా గట్టిపడిన ఉన్నిని కత్తిరించినా పోగులు ఊడిరావు. అంచు కుట్టక్కర్లేదు. చేతులు కత్తిరిస్తే నీళ్ల సీసాకు తొడుగులు, వీపు భాగంతో ల్యాప్‌టాప్ సంచి అవుతాయి.

ఈసారి యాక్రిలిక్ దారం గానీ, సూపర్‌వాష్ ఉన్ని (మెషీన్‌లో ఉతికినా ఇలా బిగుసుకుపోకుండా శుద్ధి చేసిన ఉన్ని) గానీ తీసుకోండి. అయినా మన హైదరాబాద్ చలి ఎన్నాళ్లండీ, సంక్రాంతి దాటితే స్వెటర్ బీరువాలోకే! ల్యాప్‌టాప్ సంచి అయితే ఏడాదంతా మోయించొచ్చు. మోయాల్సింది ఎవరో చెప్పక్కర్లేదుగా.