పల్స్ ట్యూబ్ కూలర్ ఆన్ చేస్తే కేవిటీ లాక్ నిలవట్లేదు, ఏం చెయ్యాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఏంటంటే, రూమ్ టెంపరేచర్‌లో గంటలు గంటలు లాక్‌లో (అంటే లేజర్‌తో ట్యూన్ తప్పకుండా) ఉండే ఫైబర్ కేవిటీ (ఎదురెదురు రెండు అద్దాల మధ్య కాంతి అటూ ఇటూ తిరిగే చోటు, ఒక అద్దం ఫైబర్ కొసన ఉంటుంది), 4 కెల్విన్‌కి దింపి పల్స్ ట్యూబ్ (గ్యాస్ ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ చల్లబరిచే కూలర్) నడుస్తుంటే నిమిషం కూడా ఉండట్లేదు, లోపల రబ్బర్ ప్యాడ్లు వెయ్యాలా లేక ఫీడ్‌బ్యాక్ గెయిన్ (లాక్‌ని సరిదిద్దే సర్క్యూట్ బలం) పెంచాలా అని. దయచేసి ఇప్పుడే రెండూ చెయ్యకండి. వజ్రంలో ఎన్‌వీ సెంటర్ల (ఒక నైట్రోజన్, దాని పక్కన ఒక ఖాళీ ఉండే లోపాల) కోసం ఇలాంటి కేవిటీతోనే నేను పీహెచ్‌డీలో రెండేళ్లు కుస్తీ పట్టాను, అందులో నాలుగు నెలలు ఒక్క చిన్న పొరపాటుకే పోయాయి, అది మీకు జరక్కూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ముందు లెక్క. 637 నానోమీటర్ల లేజర్, ఫినెస్ (కాంతి అద్దాల మధ్య ఎంత ఎక్కువగా తిరుగుతుందో చెప్పే అంకె) 5000 అనుకోండి, అద్దాల మధ్య దూరం 64 పికోమీటర్లు మారితే చాలు, రెజొనెన్స్ ఒక లైన్‌విడ్త్ (రెజొనెన్స్ పీక్ వెడల్పు) పక్కకి జరిగిపోతుంది. హైడ్రోజన్ పరమాణువు సైజే 100 పికోమీటర్లు ఉంటుంది! ఇటు చూస్తే కోల్డ్ హెడ్ (కూలర్‌లో చల్లబడే భాగం) సెకనుకి 1.4 సార్లు ఓ పది మైక్రాన్లు ఊగుతూ ఉంటుంది. ఆ 1.4 హెర్ట్జ్‌ని స్ప్రింగులతో ఆపడం కుదరదు, ఎందుకంటే స్ప్రింగు బరువుకి 1 సెంటీమీటర్ సాగితే దాని ఫ్రీక్వెన్సీ 5 హెర్ట్జ్ వస్తుంది, అంతకంటే నెమ్మదిగా ఊగేది ఏదైనా నేరుగా పైకి వచ్చేస్తుంది. అందుకే కేవిటీని గట్టిగా కట్టాలి. రెండు అద్దాలూ కలిసి ఊగితే నష్టం లేదు, ఒకటి ఆగి ఒకటి కదిలితేనే తంటా. కేవిటీ కట్టడం తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ (మెకానికల్ రెజొనెన్స్) 3 కిలోహెర్ట్జ్‌లో ఉంటే ఆ పది మైక్రాన్ల ఊపులో అద్దాల మధ్య దూరం మారేది 2 పికోమీటర్లే, అదే 300 హెర్ట్జ్‌లో ఉంటే 200 దాటుతుంది. మీరు ఒకదాని మీద ఒకటి మూడు పైజో స్టేజీలు (వోల్టేజీతో అద్దాన్ని సన్నగా జరిపే బల్లలు) పేర్చారన్నారు కదా, అలా పేరిస్తే బిగువు తగ్గి ఆ ఫ్రీక్వెన్సీ పడిపోతుంది, అందుకే నా అనుమానం ముందు అక్కడే. స్ప్రింగులు కూడా కావాలి, కానీ అవి పనికొచ్చేది పైనున్న హార్మోనిక్స్‌కి (1.4 హెర్ట్జ్ గుణిజాలకి), కూలర్‌లో గ్యాస్ ఒత్తిడి మార్చే వాల్వ్ కొట్టే దెబ్బలకి. రబ్బరు మాత్రం వద్దు, 4 కెల్విన్‌లో గాజులా బిగుసుకుపోతుంది, డ్యాంపింగ్ అస్సలు ఇవ్వదు. మేం స్వచ్ఛమైన రాగి పలక పక్కన మాగ్నెట్లు పెట్టాం, చల్లబడేకొద్దీ రాగి రెసిస్టెన్స్ తగ్గి ఎడ్డీ కరెంట్ డ్యాంపింగ్ (మాగ్నెట్, రాగి ఒకదాని పక్కన ఒకటి కదిలితే రాగిలో పుట్టే కరెంట్ ఆ ఊపుని అణచడం) ఇంకా బాగా పనిచేసింది.

ఇప్పుడు ఆ పొరపాటు సంగతి. స్ప్రింగుల మీద ప్లేటు వేలాడదీసి, చల్లదనం కోసం కోల్డ్ హెడ్ నుంచి దానికి రాగి జడలు (సన్నటి రాగి దారాలు అల్లినవి) కట్టాం. జడ చివర్లని నేనే సోల్డర్ చేశాను, పైకి చాలా నీట్‌గా వచ్చింది, కానీ కరిగిన సోల్డర్ దారాల మధ్య నుంచి లోపలికి పాకి సగం పొడవు దాకా ఎక్కేసింది, అది ఎవరం గమనించలేదు. స్ప్రింగులు మార్చాం, మాగ్నెట్లు మార్చాం, నాయిస్ రవ్వంత తగ్గలేదు. చివరికి క్రయోస్టాట్ (ఇవన్నీ ఉండే చల్లటి వాక్యూమ్ పెట్టె) విప్పి జడని రెండు వేళ్ల మధ్య వంచి చూస్తే ఎండుపుల్లలా ఉంది, పక్కనే వాడని జడ వేలు తగిలితేనే వాలిపోతోంది. అంటే అన్నాళ్లూ ఊపు స్ప్రింగుల్ని తప్పించుకుని ఆ జడ మీదుగానే వస్తోంది. చివర్లు ప్రెస్ చేసి, మధ్యలో బాగా వదులు ఉంచి కొత్తవి కట్టాక, నాయిస్ పదో వంతుకి పడింది.

మీరు ఇవాళే చెయ్యగలిగేది ఒకటుంది, కూలర్‌ని అర నిమిషం ఆపండి, టెంపరేచర్ కొంచెం ఎక్కుతుంది గానీ కొలవడానికి ఆ టైమ్ సరిపోతుంది. లేజర్‌ని ఫ్రింజ్ వాలు (రెజొనెన్స్ పీక్ పక్క వాలు) మీద పెట్టి ట్రాన్స్‌మిషన్‌ని (కేవిటీ దాటి వచ్చే కాంతిని) ఎఫ్‌ఎఫ్‌టీ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ఊపుందో చూపే లెక్క) తీయండి, ఊపు లైన్‌విడ్త్ కంటే ఎక్కువుంటే మీ కోటింగ్‌కి ఫినెస్ తక్కువుండే వేరే వేవ్‌లెంగ్త్ వాడండి. ఆపినా పోని పీక్స్ కూలర్‌వి కాదు, టర్బో పంపుదో (వాక్యూమ్ పంపు) పైజో డ్రైవర్‌దో అయ్యుంటాయి. చల్లబడ్డాక చల్లటి గోడలే గ్యాస్‌ని పట్టేస్తాయి కాబట్టి పంపు వైపు వాల్వ్ మూసి టర్బో ఆపెయ్యొచ్చు. కూలర్ రోటరీ వాల్వ్ మోటార్‌ని విడిగా గోడకి బిగించండి. ఇవన్నీ అయ్యాక కూడా మిగిలితే, ఒక్కో సైకిల్ 700 మిల్లీసెకన్ల పైనే ఉంటుంది, అందులో వాల్వ్ దెబ్బ చల్లారాక వచ్చే ప్రశాంతమైన ముక్కలో మాత్రమే డేటా తీసుకునేలా ట్రిగ్గర్ పెట్టుకోండి, మేమూ అలాగే చేశాం.

కూలర్ ఆన్‌లో ఒకటి, ఆఫ్‌లో ఒకటి, రెండు స్పెక్ట్రమ్‌లూ ఇక్కడ పెట్టండి, జడలు ఎలా కట్టారో ఫోటో కూడా, చూసి చెప్తాను.