చెస్ టోర్నమెంటు కోసం మొదటిసారి రాష్ట్రం దాటుతున్నారా? భువనేశ్వర్‌లో మా అమ్మాయితో నా అనుభవం

మీ బాబుకి పదకొండేళ్లు, రేటింగ్ (ఆట బలాన్ని చెప్పే అంకె) 1450, ఇప్పటిదాకా వరంగల్, హైదరాబాద్ తప్ప ఎక్కడా ఆడలేదు, వచ్చే నెల భువనేశ్వర్‌లో ఓపెన్ రేటింగ్ టోర్నమెంటు ఉంది, తీసుకెళ్లాలా వద్దా, వెళ్తే ఏం చూసుకోవాలి అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్లండి. మాది గుంటూరు. మా అమ్మాయిని పదో ఏట ఇదే ఊరికి తీసుకెళ్లాను. మా ఆయనకి సెలవు దొరక్క నేనొక్కదాన్నే వెంట వెళ్లాను. నాకు పావుల పేర్లు తప్ప ఆట రాదు. కాబట్టి ఓపెనింగుల (ఆట మొదట్లో వేసే ఎత్తుల) గురించి మీ కోచ్‌ని అడగండి, నేను మిగతావి చెప్తాను.

ఎందుకు వెళ్లాలంటే, మన దగ్గర పిల్లలు మళ్లీ మళ్లీ వాళ్లలో వాళ్లే ఆడుకుంటారు. ఫలానా అబ్బాయి తెల్లపావులు వస్తే ఏం ఆడతాడో మా అమ్మాయికి కంఠతా వచ్చేసింది. వాడికీ ఈమె ఆట అంతే. మా గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక, మీ వరంగల్ నుంచి అర్జున్ ఎరిగైసి గ్రాండ్‌మాస్టర్లయ్యారంటే చిన్నప్పటి నుంచి ఊళ్లు తిరిగి కొత్తవాళ్లతో ఆడబట్టే. ఒడిశాలో ఎదురుగా కూర్చునేవాడెవడో, ఏం ఆడతాడో మీవాడికి తెలియదు. ఆ తెలియకపోవడమే వాడికి కావాలి.

మొదటి రౌండు గురించి ఇప్పుడే వాడితో మాట్లాడండి. ఇలాంటి టోర్నమెంట్లు స్విస్ పద్ధతిలో జరుగుతాయి, అంటే ఓడినా ఎవరూ తప్పుకోరు, ప్రతి రౌండులో దాదాపు సమానంగా పాయింట్లున్నవాళ్లతో ఆడతారు. మొదటి రౌండుకి అందరినీ రేటింగ్ ప్రకారం వరుసలో పెట్టి సగానికి విడదీస్తారు. 200 మంది ఉంటే 1వ నంబరుకి 101, 2కి 102, అలా. ఓపెన్‌లో 1450 అంటే చాలాసార్లు కింది సగమే. అంటే మొదటి రౌండులోనే తనకన్నా చాలా పైవాడు తగులుతాడు. ఓడితే ఆ తర్వాత తన స్థాయివాళ్లు వస్తారు. ఇది తెలియని పిల్లలు మొదటి రోజే డీలా పడిపోతారు. లెక్క చూపిస్తే ధైర్యం వస్తుంది. ఒక్కో ఆటకి రేటింగ్ ఎంత మారాలో లెక్కగట్టే గుణకాన్ని కె విలువ అంటారు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి అది 40. 1950 వాడి చేతిలో ఓడితే పోయేది 3.2 పాయింట్లు. 1650 వాడితో డ్రా చేస్తే 10.4 వస్తాయి, గెలిస్తే 30.4. ఈ అంకెలు నేను ఒక చీటీ మీద రాసి ఇచ్చాను. మా అమ్మాయి దాన్ని పెన్సిల్ డబ్బాలో పెట్టుకుంది.

ఇక మేం చేసిన తప్పు. మొదటి రౌండు మధ్యాహ్నం కదా అని అదే రోజు ఉదయానికి చేరేట్టు టికెట్ తీశాను. బండి అయిదు గంటలు ఆలస్యం. శ్రీకాకుళం దాటాక ఎక్కడో ఆగిపోయి కదల్లేదు. కిటికీ పక్కన కూర్చుని ఆ పిల్ల గంటకోసారి టైమెంత అని అడుగుతుంటే నాకు కడుపులో దేవినట్టయింది. మేం హాలుకి చేరేసరికి ఎదుటి ఆటగాడికి పాయింటు ఇచ్చేశారు. గడువులోగా బోర్డు దగ్గరకి రాకపోతే అంతే, అది నియమం. ఆడని ఆటకి రేటింగ్ తగ్గదు గానీ పాయింటు పోతుంది. అసలు భయం ఇంకొకటి. చెప్పకుండా రానివాళ్లని చాలా చోట్ల తర్వాతి రౌండు పెయిరింగులోంచి, అంటే ఎవరితో ఎవరు ఆడాలనే జాబితాలోంచి, కూడా తీసేస్తారు. మా అదృష్టం, రెండో రౌండు పెయిరింగు ఇంకా వెయ్యలేదు. రైల్లోంచే ఆర్బిటర్‌కి, అంటే ఆటల న్యాయనిర్ణేతకి, ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ ఆందోళన తప్పేది, కానీ నంబరు నా దగ్గర లేదు. టోర్నమెంటు వివరాలుండే ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది, కాగితం మీద రాసుకోండి. మొదటి రౌండుకి అర పాయింటు బై (ఆ రౌండు ఆడకుండానే వచ్చే అర పాయింటు) ఇస్తారేమో కూడా అందులోనే చూడండి. ఇచ్చేట్టయితే ముందే అడిగి పెట్టుకోవాలి.

కాబట్టి ఒక రోజు ముందే చేరండి. మీకు కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉంది, సికింద్రాబాద్ నుంచి వరంగల్, విజయవాడ మీదుగా నేరుగా భువనేశ్వర్ వెళ్తుంది. ఒక్క విజయవాడ నుంచే దాదాపు 800 కిలోమీటర్లు, మీకు ఇంకా ఎక్కువ. అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి అర టికెట్ తీస్తే బెర్తు ఇవ్వరు, అది గుర్తుంచుకోండి. పూర్తి ఛార్జీ కట్టి వాడికి విడిగా బెర్తు తీయండి. రాత్రంతా మీ కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకున్న పిల్లాడు బోర్డు ముందు నాలుగు గంటలు కూర్చోలేడు. బయల్దేరే ముందు అఖిల భారత చెస్ సమాఖ్యలో ఈ ఏడాది రిజిస్ట్రేషన్ చెల్లుతోందో లేదో చూసుకోండి. మన దగ్గర చాలా టోర్నమెంట్లలో బోర్డు, గడియారం ఆటగాళ్లే తెచ్చుకోవాలి, అదీ అడగండి.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది మూడో రౌండులో జరిగింది.

మా అమ్మాయి ఎదుట తనకన్నా పెద్ద కుర్రాడు. ఆట మధ్యలో అతను గుర్రాన్ని పట్టుకుని, పైకెత్తి, మళ్లీ అక్కడే పెట్టేసి మంత్రిని కదిపాడు. ముట్టుకున్న పావునే ఆడాలి, ఆ సంగతి మా అమ్మాయికి అయిదేళ్ల వయసు నుంచి తెలుసు. కానీ ఎవరితో చెప్పాలి? ఎలా చెప్పాలి? ఇంగ్లీషులో మాట కూడబలుక్కోవాలి, హిందీ సరిగ్గా రాదు, ఒడియా అసలే తెలియదు. చుట్టూ అందరూ నిశ్శబ్దంగా ఆడుకుంటున్నారు. ఏం చెయ్యాలో తోచక తన బంటుని పట్టుకుని జరిపేసింది. అంతటితో హక్కు పోయింది. ఎదుటివాడు ముట్టుకున్న పావు ఆడలేదని ఫిర్యాదు చెయ్యాలంటే మనం ఎత్తు వెయ్యడానికి పావు ముట్టుకోక ముందే చెయ్యాలి, ఆ తర్వాత చెల్లదు. గుర్రం ఆడి ఉంటే అతని మంత్రి పోయేదట. ఆ ఆట ఓడిపోయింది. బయటికి వచ్చి ఏడవలేదు, "నాకు మాట రాలేదమ్మా" అంది.

ఆ రాత్రి లాడ్జిలో మంచం మీద బోర్డు పరిచి ఆ ఒక్కటే సాధన చేయించాను. నేను కావాలని గుర్రం ముట్టుకుని మంత్రిని కదిపేదాన్ని. తను ఏ పావూ ముట్టుకోకుండా గడియారం ఆపాలి, చెయ్యెత్తాలి, ఆర్బిటర్ వచ్చేదాకా నోరు మెదపకుండా కూర్చోవాలి, వచ్చాక "టచ్ మూవ్" అని వేలితో ఆ గుర్రాన్ని చూపించాలి. రెండే మాటలు, ఏ రాష్ట్రంలోనైనా అర్థమవుతాయి. ఆర్బిటర్‌ని పిలవడానికి గడియారం ఆపొచ్చని, అది తప్పు కాదని తనకి అప్పటిదాకా నమ్మకం లేదు. పదిసార్లు చేశాక చెయ్యి దానంతటదే లేవడం మొదలైంది. మీరు ఇంట్లోనే మొదలుపెట్టండి. ఎదుటివాడు నియమం తప్పిన ఎత్తు వేస్తే, గడియారం పని చెయ్యకపోతే, పక్కన ఎవరైనా మాట్లాడుతుంటే, అన్నింటికీ ఇదే పద్ధతి. ఎందుకంటే మీరు లోపల ఉండరు. మొదటి కొన్ని నిమిషాలు ఫొటోలు తీసుకోనిచ్చి తల్లిదండ్రులని బయటికి పంపేస్తారు, అలా పంపడమే మంచిది.

ఫోన్ మీ దగ్గరే ఉంచుకోండి. వాడి జేబులో గానీ సంచిలో గానీ ఉందంటే ఆట పోగొట్టుకున్నట్టే. బయటికి వచ్చాక మిమ్మల్ని ఎక్కడ వెతుక్కోవాలో ఒక చోటు ముందే అనుకోండి. మేం గేటు పక్క వేపచెట్టు అనుకున్నాం. అక్కడే పేపరు పరుచుకుని అయిదు రోజులు కూర్చున్నాను. పక్కన ఒడిశాలోని బరంపురం నుంచి వచ్చినాయన మా మాటలు విని చక్కటి తెలుగులో పలకరించారు. ఆ వైపు తెలుగువాళ్లు చాలామంది, మీకూ ఎవరో ఒకరు కలుస్తారు. భోజనం ఎక్కడ బాగుంటుందో ఆయనే చెప్పారు.

తిండికి బెంగపడొద్దు. ఒడియావాళ్లూ మనలాగే అన్నం మనుషులు. కూరల్లో ఆవనూనె వాసన మా అమ్మాయికి పడలేదు గానీ డాల్మా పడింది, పప్పులో కూరగాయలు వేసి వండుతారు, కారం తక్కువ. రెండు రౌండ్ల మధ్య దాంతో అన్నం, కొంచెం పెరుగు పెట్టేదాన్ని. ఒక్కొక్కరికి తొంభై నిమిషాలు, ప్రతి ఎత్తుకి అదనంగా ముప్పై సెకన్లు చొప్పున ఆడే ఆట నాలుగు గంటలు కూడా సాగుతుంది, అలాంటివి రోజుకి రెండు. కొత్త రుచులు చివరి రోజుకి ఉంచండి. ఛెనా పోడా అనే కాల్చిన జున్నులాంటి మిఠాయి ఉంటుంది, అది మాత్రం తినిపించకుండా రావొద్దు.

ఓడి వచ్చినప్పుడు స్కోర్‌షీట్ (ఎత్తులు రాసుకున్న కాగితం) తీసుకుని మడిచి సంచిలో పెట్టేయండి. అది ఇంటికొచ్చాక కోచ్‌తో చూసుకోవచ్చు. తర్వాతి రౌండుకి గంటే ఉన్నప్పుడు ఆ ఆటని మళ్లీ తవ్వితే నష్టమే.

తిరుగు టికెట్ చివరి రౌండు మర్నాటికి తీయండి. సాయంత్రం బండి ఉందని తెలిస్తే పిల్లాడు గడియారం కాదు, బండి టైమే చూసుకుంటూ ఆడతాడు. మాకు మర్నాడే కాబట్టి చివరి రౌండు సాగినంతసేపూ సాగనిచ్చాం. ఆ ఆటలో ఎదుటి అబ్బాయి దాదాపు ఎత్తెత్తుకీ డ్రా అడుగుతున్నాడట. నేను వరండాలో నీళ్ల సీసా నింపుకుంటూ కిటికీ అద్దంలోంచి చూశాను. వరసలన్నీ వంగిన తలలే, మధ్యలో మా అమ్మాయి చెయ్యి ఒక్కటి నిటారుగా పైకి ఉంది. గడియారం ఆపి, పెదవులు బిగించి కూర్చుంది. ఆర్బిటర్ వచ్చి వంగి ఏదో విన్నాడు, ఆ అబ్బాయికి ఏదో చెప్పి వెళ్లిపోయాడు. మళ్లీ ఆట మొదలైంది. ఇంకో గంటన్నర ఆడి ఆ ఆట డ్రా చేసుకుంది. వేపచెట్టు దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చి ఫలితం చెప్పకుండానే, "అమ్మా, నేనే పిలిచాను" అంది.