తండ్రికీ చెప్పవలసిన మాట

ప్రశ్న: నేను మిర్యాలగూడ దగ్గర ఒక రైసు మిల్లులో గుమాస్తాను. మా పాపకు ఏడో నెల నిండింది. బరువు తూయించడానికి నేనే అంగన్‌వాడీకి తీసుకువెళ్తే ‘అమ్మ రాలేదా?’ అని అడిగి, బాలామృతం ప్యాకెట్టు చేతికిచ్చారే తప్ప ఎలా పెట్టాలో చెప్పలేదు. కాన్పుకు మూడు రోజులు పనికి వెళ్లకపోతే జీతం కోశారు. తండ్రికి సెలవు హక్కు లేదా? – ఒక పాఠకుడు

జవాబు: ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి జీతంతో సెలవు ఇచ్చి తీరాలనే కేంద్ర చట్టం మనకు లేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు తల్లి సెలవును 26 వారాలకు పెంచినప్పుడు కూడా తండ్రి ఊసెత్తలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. మిల్లు గుమాస్తా బిడ్డకు ఆ 15 రోజులు అక్కరలేదా అన్నది మా ఆవేదన కూడా. ప్రస్తుతానికి, మీకు జీతంతో కూడిన సెలవులు మిగిలి ఉంటే ఆ మూడు రోజులను వాటిలో సర్దమని యజమానిని అడగండి.

సెలవు ఇచ్చినంత మాత్రాన తండ్రులు వాడుకుంటారా అని కొందరు అడుగుతారు. స్వీడన్ 1974లోనే పిల్లల పెంపకం సెలవును తల్లిదండ్రులిద్దరికీ తెరిచినా తండ్రులు పెద్దగా ముందుకు రాలేదు. 1995లో ఒక నెలను, తండ్రి వాడుకోకపోతే కుటుంబానికే దక్కకుండా పోయేలా, విడిగా కేటాయించాక వారి వాటా పెరిగింది. ఇప్పుడు అక్కడ 480 రోజుల్లో 90 రోజులు ఒక్కొక్కరికీ ప్రత్యేకం.

అంగన్‌వాడీలో మీకు ఎదురైనది ఆ కార్యకర్త ఒక్కరి తప్పు కాదు. 1975లో మొదలైన ఈ సేవలు గర్భిణి, బాలింత, బిడ్డ చుట్టూ అల్లుకున్నవి. సమావేశాలేమో మగవాళ్లు పనిలో ఉండే వేళల్లో జరుగుతాయి. మళ్లీ వెళ్లి, ‘పాపకు నేను కూడా తినిపిస్తాను, నాకూ చెప్పండి’ అని నిలబడి అడగండి. నెలకొక సమావేశమైనా తండ్రులకు వీలయ్యే వేళలో పెట్టమని కోరండి. నలుగురు తండ్రులు కలిసి అడిగితే ఆ మాటకు బలం వస్తుంది.

ఇక మీకు చెప్పకుండా వదిలేసిన సంగతి: కాచి గోరువెచ్చగా చల్లార్చిన నీటిలో బాలామృతాన్ని, చెంచాలోంచి జారిపోనంత చిక్కగా కలిపి, చేతులు కడుక్కుని, కొద్దికొద్దిగా రోజుకు రెండు మూడుసార్లు పెట్టండి. తల్లిపాలు మాన్పించవద్దు.